రాగి లైనుకి మూత

మా ఆయన టైటస్‌కి కోపమే రాదని ఊరంతా అంటాది. కట్టుకుని కాపరం చేసేదాన్ని, నన్నడగాల. వస్తాది. రావడం లేటు, అంతే. వచ్చిందంటే మాత్రం పోయేది ఇంకా లేటు. ఆయన చెల్లెలు రెజీనాకి అట్టా కాదు, దానికి ముక్కు మీదే ఉంటాది. వీళ్ళిద్దరి ఇళ్ళ మధ్య ఒక గోడ, ఆ గోడలో ఒక కన్నం, ఆ కన్నంలోంచి ఒక రాగి గొట్టం. నా బాధంతా ఆ గొట్టం గురించే.

గొట్టం వేసింది మా మామ సమాధానం. మస్కట్‌లో హోటళ్ళకి పైపుల పని చేసి వచ్చిన మనిషి. అక్కడేదో పాత హోటలు పడగొడతా ఉంటే, పారేసే రాగి గొట్టాలు అడిగి తెచ్చుకున్నాడు. విమానంలో రావాల కదా, పెట్టెలో పట్టేదానికి మూరెడు మూరెడు ముక్కలు కోసుకొచ్చినాడు. అందరి మొగుళ్ళూ సెంటు సీసాలు తెస్తారు, చీరలు తెస్తారు. మా అత్త పెట్టె తెరిచి చూసి నెత్తి కొట్టుకుందంట. ఆ ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించి, మంటతో తగరం కరిగించి మాటేసి లైను లాగినాడు కాబట్టి దానికి ఒంటినిండా కీళ్ళే. ఇన్నేళ్ళలో ఒక్క కీలు దగ్గర చుక్క కారింది లేదు.

లైను ఎందుకు లాగాల్సొచ్చిందో చెప్తా. మాది మైపాడు పోయే దారిలో, సముద్రానికి దగ్గర ఊరు. ఇక్కడ బోరేస్తే ఏ నీళ్ళు పడతాయో దేవుడికే తెలియాల. మా పెరట్లో వేస్తే కొబ్బరి నీళ్ళ మాదిరి తియ్యటి నీళ్ళు పడినాయి. గోడకవతల రెజీనాకి ఇల్లు కట్టించి అక్కడ వేస్తే ఉప్పు. చోటు మార్చి వేసినా ఉప్పే, నోట పోసుకోలేము. అప్పుడు మామ మా మిద్దె మీద ట్యాంకు నుంచి కూతురి వంటింటికి ఈ రాగి లైను వేసినాడు. మధ్యలో ఒక వాల్వు పెడితే ఎప్పుడన్నా రిపేరొస్తే కట్టేసుకోవచ్చు కదా అని మా ఆయన అన్నాడు. ముసలాయన ఒంటికాలి మీద లేచినాడు.

"బిడ్డింటికి పోయే నీళ్ళకి తాళం ఏందిరా?"

వాల్వు పెట్టలేదు.

ఇంకొకటి కూడా చెప్పాల. మాటేసే పని మామ ముందు కొడుక్కే నేర్పాలని చూసినాడు. గ్యాస్ టార్చి వెలిగిస్తే చాలు మా ఆయనకి చెయ్యి వణుకుతాది. ఒకసారి కరిగిన మాటు పాదం మీద పోసుకున్నాడు, ఆ మచ్చ ఇంకా ఉండాది. రెజీనా అట్టా కాదు. గొట్టం ఎంత కాగిందో కంటితోనే చూసి తీగ ఆనిస్తే, కీలు చుట్టూ మాటు దానంతటదే పాకిపోతాది. దీని చెయ్యి నా చెయ్యి అని మామ మురిసిపోయేవాడు. కొడుకు పక్కన నిలబడి ఉండగానే అనేవాడు. మా ఆయన నవ్వి ఊరుకునేవాడు కానీ ఆ నవ్వు నాకు తెలుసు.

మామ పోయినాక కూడా చాన్నాళ్ళు అన్నాచెల్లెళ్ళు బాగానే ఉండారు. గొడవొచ్చింది రొయ్యల గుంటల దగ్గర. మా ఇళ్ళ వెనక కాలవ దాటితే రెజీనా వాటాకి వచ్చిన కయ్య ఉండాది. చుట్టుపక్కల కయ్యలన్నీ ఎప్పుడో గుంటలయిపోయినాయి. దీనిదొక్కటే మధ్యలో వరి. ఆ వరి కూడా ఏటేటికీ ఎర్రబడి మాడిపోతా ఉండాది. చివరికి అది, దాని మొగుడు ఫ్రెడ్డీ ఆలోచించుకుని, కయ్యని రొయ్యల సాగుకి కౌలుకిచ్చేసినారు. ఫ్రెడ్డీ మైపాడు నుంచి నెల్లూరికి ఆటో తోలతాడు, పాపం గొడవల్లోకి రాని మనిషి.

మా ఆయనకి ఈ సంగతి కోవూరులో తెలిసింది, ఆయన పనిచేసే రైసు మిల్లులో ఎవరో చెప్పినారు. తన చెల్లెలి సంగతి పరాయివాళ్ళ నోటి నుంచి వినాల్సొచ్చిందని ఆయనకి మండింది. ఇంటికొచ్చి బండి కూడా స్టాండు వేయకుండా గోడ దగ్గరికి పోయినాడు. ఇళ్ళ వెనకే ఉప్పు నీళ్ళు నిలబెడితే మన బోరు ఏం కావాల, ముందు నాకొక మాట చెప్పాల్సిన పని లేదా అని అరిచినాడు. అది మాత్రం తగ్గుతాదా? చుట్టూ గుంటలు తవ్వేటప్పుడు నువ్వు ఎవర్నడిగినావు, వాళ్ళనేం అనలేక నా మీదకొచ్చినావా అని అడిగింది. మాటకి మాట పెరిగింది. నేను సర్దబోతే ఇద్దరూ నా మీద పడినారు. ఆఖరికి మా ఆయన, ఊరి నీళ్ళలో ఉప్పు పోసేవాళ్ళకి నా నీళ్ళు తియ్యగా ఉండాల్నా అని ఒక మాటన్నాడు. అదేమో, నాన్న వేసిన లైను నీదెప్పుడయింది అన్నది.

న్యాయంగా చెప్తే అది అన్నది నిజమే. ఆ నిజం మింగుడుపడకనే మా ఆయన ఆ పని చేసినాడు.

ఆన్‌లైన్‌లో ఏవో తెప్పించినాడు. డబ్బాలోంచి తీసి చూపించినాడు, ఇత్తడి మూత, బొటనవేలంత ఉంటాది. లోపల రబ్బరు ఉంగరం, దాని ముందు సన్నటి స్టీలు పళ్ళు. గొట్టం మొన మీద పెట్టి గట్టిగా నొక్కితే పళ్ళు పట్టుకుంటాయి, రబ్బరు నీళ్ళని ఆపుతాది. మంట అక్కర్లేదు, మాటు అక్కర్లేదు. చేతులు వణికేవాళ్ళ కోసమే చేసినట్టు ఉండాది. మళ్ళీ ఊడదీయాలంటే లాడం ఆకారంలో ఒక చిన్న ప్లాస్టిక్ క్లిప్పు, దాంతో అంచుని వత్తి లాగితే వచ్చేస్తాది. ఆ డబ్బాలోనే ఇంకొక ముక్క కూడా ఉండాది, రెండు పక్కలా నొక్కేది. అదెందుకయ్యా అన్నా. మళ్ళీ కలిపేటప్పుడు కావాల కదా అన్నాడు.

అంటే మూయకముందే కలిపే ముక్క కూడా కొనిపెట్టుకున్నాడు. ఇట్టాంటి మనిషిని ఏమని తిట్టాల? అయినా తిట్టినా. మామ వాల్వు కూడా వద్దన్న లైను అది, కోయబాకయ్యా అని చెప్పినా. ఊరికే భయపెట్టేదానికి అన్నాడు. వచ్చి 'అన్నా' అని ఒక్క మాటంటే చాలు, అంతలోనే తీసేస్తా అన్నాడు.

రెండిళ్ళకీ కలిపి ట్యాంకు కింద ఒకటే ఉన్న గేటు వాల్వు కట్టేసి, గోడ పక్కన కూర్చుని, కట్టరు గొట్టం చుట్టూ తిప్పి తిప్పి కోసినాడు. లోపలి నీళ్ళు ఆయన పాదాల మీద పడినాయి. మూత పెట్టి నొక్కి వాల్వు తిప్పితే చుక్క చుక్క కారింది. కోసిన అంచు గరుకు తీయకుండా నొక్కినాడు, లోపల రబ్బరు తెగింది. గరుకు కాగితంతో అంచు రుద్ది, ఎంతవరకు లోపలికి పోవాల్నో స్కెచ్చి పెన్నుతో గీత గీసుకుని, ఇంకొక మూత పెట్టినాడు. ఈసారి పట్టింది. గట్టిగా లాగి చూసినాడు, రాలేదు. చేసిన పని బాగా కుదిరిందని మొహంలో ఒక వెలుగు వచ్చింది, వచ్చినట్టే పోయింది. క్లిప్పుని బండి తాళాల గుత్తికి తగిలించుకున్నాడు.

గోడవతల రెజీనా ట్యాపు తిప్పిన చప్పుడు, తిప్పి కట్టేసిన చప్పుడు నాకు వినపడింది. వచ్చి అడుగుతాదని మా ఆయన అరుగు మీదే కూర్చున్నాడు. ఆ పొద్దు రాలేదు, మరుసటి రోజు రాలేదు. నేనే పోయినా. అది మాటేసింది కాదు రెజీనా, నొక్కుడు మూత, ఒక్క మాటంటే తీసేస్తాడు, తాళాల గుత్తికే పెట్టుకుని తిరగతా ఉండాడు అని ఉన్నదున్నట్టు చెప్పినా. అది బియ్యం ఏరేది ఆపలేదు. పెట్టినోడే తీయాల వదినా, అడిగించుకునేదానికి అదేమన్నా వాడి సొమ్మా అన్నది. ఫ్రెడ్డీ ఆటోలో నీళ్ళ క్యాన్లు తెచ్చి గుమ్మంలో దించతా ఉండాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

కొన్నాళ్ళకి గోడవతల నుంచి సుత్తి దెబ్బలు వినపడినాయి. తర్వాత టార్చి బుస్సుమన్న చప్పుడు. మా ఆయన భోజనం చేస్తా ఉండాడు, చెయ్యి ఆగిపోయింది. ఆ చప్పుడు ఈ ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలియకుండా ఉంటాదా? రెజీనా తన పక్క గొట్టాన్ని కోసి, మొనని అప్పళం మాదిరి చదునుగా కొట్టి, మడిచి మాటేసింది. నొక్కితే ఊడేది కాదది. వాళ్ళ నాన్న చెయ్యి అది. మా ఆయన పళ్ళెం తోసేసి లేచి పోయినాడు.

అక్కడితో ఎవరికి వాళ్ళే. మా చర్చి సంఘంలో నెలకొకసారి బల్ల ఉంటాది, ప్రభువు పేరున అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది. ప్రభువు బల్లకి రొట్టె కోసే పని నాది, మా అత్త తర్వాత నాకొచ్చింది. బేకరీ బ్రెడ్డు అంచులు తీసేసి, లోపలి మెత్తటిది చిన్న చిన్న ముక్కలు కోస్తా. తోడబుట్టినవాళ్ళతో మాటల్లేకుండా బల్లలో చెయ్యి పెట్టకూడదని మామ పిల్లలకి చిన్నప్పుడే చెప్పి పెంచినాడు. పళ్ళెం మగవాళ్ళ వరసలో పోతే మా ఆయన తల వంచుకుని పక్కాయనకి ఇచ్చేసేవాడు. ఆడవాళ్ళ వరసలో రెజీనా కూడా అంతే. తిరిగొచ్చిన పళ్ళెంలో వాళ్ళవి రెండు ముక్కలు మిగిలేవి, నేనే లెక్కపెట్టుకునేదాన్ని. ప్రతి నెలా అదే వరస. ఇద్దరికీ ఇంత దైవభయం ఉండాది, కొంచెం బుద్ధి కూడా ఉంటే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలం నాకు వంట కుదిరేది కాదు. పప్పు ఎంతసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉండేది. కందిపప్పు పాతదిచ్చినాడని అంగడాయనతో పోట్లాడినా. టీ పెడితే పాలు విరిగేవి, పాలావిడని తిట్టినా. కూరలో ఉప్పు ఎక్కువేస్తా ఉండావని మా ఆయన అంటే, నీ నాలుకకి ఏమొచ్చిందో అన్నా గానీ తర్వాత నుంచి ఉప్పు తగ్గించి వేసేదాన్ని. బిందె అడుగున తెల్లగా పొర కడితే చింతపండు పెట్టి తోమినా. ఇవన్నీ విడివిడిగా చూసినా. కలిపి చూసేంత బుర్ర నాకు లేకపోయింది.

మామ జ్ఞాపకార్థ కూడిక ఏటేటా ఒకరింట్లో పెట్టుకుంటాం. సంఘమంతా వచ్చి, ప్రార్థన చేసి, భోంచేసి పోతారు. ఈ ఏడాది వంతు రెజీనాది. సరిగ్గా బల్ల ఆదివారం నాడే వచ్చింది. ముందురోజు సాయంత్రం ఫ్రెడ్డీ ఆటో నిండా క్యాన్లు దించతా ఉంటే మా ఆయన గోడ మీదుగా చూసినాడు. చాలాసేపు చూసినాడు. నాన్న పేరు మీద పెట్టే అన్నం క్యాను నీళ్ళతో వండుతారా అని నన్నడిగినాడు. మరి దేనితో వండుతారు, నువ్వేమన్నా మిగిల్చినావా అన్నా నేను. ఆ మాట నా నోట్లోంచి అంత గట్టిగా రావాలని అనుకోలేదు.

తెల్లారి నేను లేచేటప్పటికి ఆయన గోడ దగ్గర ఉండాడు. ట్యాంకు వాల్వు కట్టేసి, తాళాల గుత్తికున్న క్లిప్పుతో అంచు వత్తి మూత లాగినాడు. వచ్చేసింది, అదేం పెద్ద పని కాదు. ఆ పాటి పనికి ఎన్ని నెలలు పోగొట్టుకున్నామో అనిపించి నాకు ఏడుపొచ్చింది. దాచిపెట్టిన కలిపే ముక్క తెచ్చి రెండు పక్కలా నొక్కినాడు. చొక్కా వేసుకుని, వీధిలోంచి చుట్టు తిరిగి, రెజీనా ఇంటికి పోయి వాకిట్లో నిలబడినాడు. నేను వెనకే పోయినా.

రెజీనా పొయ్యి రాళ్ళు పేరుస్తా ఉండాది. తలెత్తి చూసింది.

"నా పక్క తీసేసినా," అన్నాడు మా ఆయన. "నీ పక్క నీ చేతిలో ఉండాది."

అడిగించుకోవాలనుకున్న మనిషి తనే వచ్చి అడిగినాడు. అది లోపలికి పోయి వాళ్ళ నాన్న ట్రంకు పెట్టెలోంచి టార్చి తెచ్చింది. మడిచి మాటేసిన మొనని కోసేసి, వంటింటి గొట్టంతో కలిపేదానికి రాగి ముక్క తొడిగింది. కానీ గొట్టంలో నీళ్ళు సన్నంగా జారతానే ఉండాయి. ట్యాంకు కింద వాల్వు పాతబడింది, ఎంత బిగించినా ఊరతాది. తడి ఉంటే మాటు పట్టదు. మా ఆయన, ఇంకొక నొక్కుడు ముక్క తెప్పిస్తాలే అన్నాడు. అది వినిపించుకోలేదు.

"వదినా, రొట్టె ఉండాదా?"

అన్ని నెలల తర్వాత అది నాతో అన్న మొదటి మాట. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. మస్కట్‌లో మామ నేర్చుకున్న చిట్కా. గొట్టంలోకి మెత్తటి రొట్టె కూరితే కాసేపు నీళ్ళని ఆపుతాది, ఆ సందులో మాటేసేయొచ్చు, తర్వాత అదే కరిగి ట్యాపులోంచి పోతాది. అంచులు పనికిరావు, అడ్డం పడతాయి. మెత్తటిదే కావాల. ఇంట్లో ఉన్నదేమో బల్లకి కోసిన రొట్టె. ఇంకా ప్రార్థన చేయని రొట్టె కదా, ప్రభువు ఏమీ అనుకోడనుకుని పరిగెత్తినా. ఎట్టాగూ ప్రతి నెలా వీళ్ళ ముక్కలు తిరిగొచ్చేవే, ఆ రెండే తీసుకుని పోయి దాని చేతిలో పెట్టినా.

రొట్టె కూరింది, తొడిగింది, టార్చి వెలిగించింది. మా ఆయన గొట్టం కదలకుండా పట్టుకున్నాడు. మంట అంత దగ్గరగా ఉన్నా ఆయన చెయ్యి వణకలేదు. మాటు కీలు చుట్టూ పాకింది. చల్లారినాక మా ఆయన మా ఇంటికి పోయి వాల్వు తిప్పి వచ్చినాడు. ట్యాపు దగ్గినట్టు చేసి, గాలి వదిలి, తెల్లటి రొట్టె పొట్టు కక్కింది. తర్వాత నీళ్ళు ధారగా పడినాయి. ఆ చప్పుడు వింటా నిలబడిపోయినాం. ఫ్రెడ్డీ స్తోత్రం అన్నాడు.

రెజీనా నీళ్ళు తేటపడేదాకా ఆగి, గ్లాసు పట్టి, నోట పోసుకుంది. మింగలేదు. కాసేపు అట్టాగే పెట్టుకుని, మా ఇద్దర్నీ చూసి, అప్పుడు మింగింది.

"అన్నా, ఇవి ఉప్పెక్కినాయి."

మా ఆయన నవ్వినాడు. గొట్టంలో నిలవ నీళ్ళులే, రొట్టె వాసనలే అన్నాడు. గ్లాసు తీసుకుని తాగినాడు. బాగానే ఉండాయే అన్నాడు. నేను తాగినా, నాకూ బాగానే ఉండాయి. రోజూ తాగే నీళ్ళే కదా. రెజీనా క్యానులోంచి ఒక గ్లాసు పట్టి అన్న చేతికిచ్చింది. క్యాను నీళ్ళు తాగి, వెంటనే మా నీళ్ళు తాగమన్నది. ఆయన అది తాగి ఇది తాగినాడు. మళ్ళీ అది తాగి ఇది తాగినాడు. మూడోసారి తాగలేక గ్లాసు కింద పెట్టి, బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయినాడు.

నాకు పప్పు గుర్తొచ్చింది. విరిగిన పాలు, బిందె అడుగున పొర, కూరల్లో తగ్గించుకుంటా వచ్చిన ఉప్పు. రోజుకింత చొప్పున ఎక్కిన ఉప్పుని రోజుకింత చొప్పున నాలుక అలవాటు చేసుకుంది. మా ఇంట్లో తాగేవాళ్ళెవరికీ తెలియలేదు. తాగకుండా ఆపినామే, దానికే తెలిసింది. గుంటల వల్లనా, చుట్టుపక్కల బోర్ల వల్లనా, సముద్రం వల్లనా, ఇప్పుడు ఎవర్ని అడిగితే ఏం లాభం? పోయిన తీపి మళ్ళీ రాదని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.

మా ఆయన కొత్తగా మాటేసిన కీలు వైపే చూస్తా ఉండాడు. అది ఇంకా మెరస్తా ఉండాది.

"ఇన్నాళ్ళూ నేను నీకు రానీకుండా దాచుకున్నది ఈ నీళ్ళా?"

రెజీనా ఆయన పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యేసింది. దాని నోరు నాకు తెలుసు, ఎప్పుడైనా గట్టిగానే మాట్లాడతాది. ఆ రోజు మాత్రం మెల్లగా చెప్పింది, అదే నాకు ఇంకా చెవిలో ఉండాది.

"నువ్వు మూసిన రోజు తియ్యగానే ఉండాయి అన్నా."

మా ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. అది లేచి, ట్యాపు కట్టేసి, అన్నానికి ఎసరు పెట్టాల కదా, క్యాను తెచ్చేదానికి లోపలికి పోయింది.